నాది ఉంచేసి నీది తీసెయ్యి

గిన్నెలు సగం తోమేసరికి ఫోన్ మోగింది. మా టీమ్ లీడర్.

"అమ్మా, నీ బ్రాంచ్ నా బ్రాంచ్‌తో కలవనంటోంది. ఒక ఫైల్ దగ్గర మొరాయించింది. నాది ఉంచేసి నీది తీసెయ్యి. సాయంత్రం రిలీజ్."

ఆసుపత్రిలో డాక్టర్ అపాయింట్‌మెంట్ మార్చుకునే ప్రోగ్రామ్ మాది. బ్రాంచంటే ఎవరికి వారు విడిగా రాసుకునే దాని కాపీ. ఈసారి ఒకే చోట లీడరూ రాశాడు, నేనూ రాశాను. అలాంటప్పుడు ఎవరిది ఉంచాలో కంప్యూటర్ తేల్చదు. రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టి, మనిషి వచ్చి చెప్పేదాకా ఆగిపోతుంది. పాపం, అదైనా ఆగి అడుగుతుంది. ఈ ఇంట్లో ఆ మర్యాద కూడా లేదు. పెళ్లయిన కొత్తలో నా టేబుల్ మీద పుస్తకాలు పోయి మా ఆయన టీవీ వెలిసింది. "ఎవరో ఒకరు సర్దుకోవాలి కదమ్మా" అంది అత్తగారు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఒకరే. ఆఫీసులోనూ అంతే. నేను రాసిన ప్రోగ్రామ్ వరుసలు నేనే చెరిపి, లీడర్‌ది పగిలాక మళ్లీ నేనే కూర్చుని అతికేదాన్ని.

సోఫాలోంచి మా ఆయన అందుకున్నాడు. "తీసెయ్యమంటే తీసెయ్యరాదూ? నీ సొమ్మేం పోయింది?"

చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లీడర్ రాసినదాంట్లో కొత్త టైం దొరక్కముందే పాతది రద్దయిపోతోంది. రోగి రెంటికీ చెడ్డ రేవడే. నాదాంట్లో కొత్తది ఖాయమయ్యేదాకా పాతది కదలదు.

"సార్, స్క్రీన్ చూపిస్తున్నాను. ఒక్కో వరుసా ఇద్దరం చూద్దాం."

"ఇప్పుడా? అంత టైమెక్కడిదమ్మా?"

"పగిలాక అతకడానికి నాకెక్కడిదో, అక్కడిదే సార్."

అవతల దగ్గు. తర్వాత కుర్చీ లాక్కున్న చప్పుడు.

చూశాం. రోగికి వెళ్లే మెసేజ్ నాకన్నా లీడరే బాగా రాశాడు, అది ఉంచాను. మిగతాదంతా నాదే ఉంచమన్నాడు. ఫైల్ కలిసింది. టెస్టులన్నీ పాసై పచ్చగా వచ్చాయి.

"ఇది ముందే చెప్పొచ్చుగా?"

"తీసెయ్యమన్నారు గానీ చూస్తానని ఎప్పుడన్నారు సార్?"

ఫోన్ పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాను. ఇన్నేళ్లూ చెప్పులో రాయితో నడిచి, ఇప్పుడు దులిపినట్టుంది. ఇంతేనా ఈ రాయి అని నవ్వొచ్చింది.

"ఏంటిది, గిన్నెలు అలాగే వదిలేశావు?" వంటింటి గుమ్మంలోంచి తొంగిచూస్తూ మా ఆయన.

నేను లేవలేదు.

"నా సగం అయిపోయిందండీ. మిగతా సగం మీరొచ్చేదాకా ఆగింది."