టైల్స్ వేసిన చెలమ

రంజిత టెంకాయ చిప్పతో చెలమలోని పాత నీళ్ళు తోడి ఇసుక మీద పారబోస్తోంది. రాత్రంతా నిలిచిన నీళ్ళు తాగకూడదని అత్త మునియమ్మ చెప్పింది. వాటిని తోడేసి, ఇసుక గుంట అడుగున కొత్త నీళ్ళు ఊరేదాకా కూర్చోవాలి. ఊరే నీళ్ళను త్వరపెట్టే ఉపాయం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

చుట్టూ పాలారు నది. అంటే ఇసుక. గట్టు మీద కొబ్బరిచెట్లు, అక్కడక్కడ సీమతుమ్మ పొదలు. నది నడుమ పాలక్యాన్లు కట్టుకున్న మోటారుబండి ఒకటి దుమ్ము రేపుకుంటూ పళ్ళికొండ వైపు పోతోంది. దాని వెనకే రెండు ఆవులు, ఏ తొందరా లేకుండా, నదిని దాటుతున్నాయి.

రంజిత పుట్టిల్లు తిరుపత్తూరు దగ్గరి మెట్ట ఊరు. అక్కడ నీళ్ళు లారీలో వస్తాయి. సంబంధం తెచ్చిన పెద్దమనిషి పిల్లవాడి గురించి చాలాసేపు చెప్పి, చివర్లో ఏటి గట్టునే ఇల్లని కూడా అన్నాడు. పిల్లవాడి గురించి రంజిత ఏమీ అడగలేదు. ఏట్లో నీళ్ళుంటాయా అని మాత్రం అడిగింది. ఉంటాయన్నాడాయన. అబద్ధమేమీ చెప్పలేదు. ఎక్కడుంటాయో చెప్పలేదు, అంతే.

ఆమె తండ్రి శంకరన్ కార్తీక మాసంలో ఇల్లు చూడటానికి వచ్చాడు. అప్పుడే వానలు పడి నదిలో మోకాలి లోతు నీళ్ళు పారుతున్నాయి. ఆయన ఊరికి తిరిగిపోయాక ఆ నీళ్ళు ఆయన మాటల్లో నడుము దాకా పెరిగాయి. గుడియాత్తంలో ఉండే ఆయన అక్క సెల్లమ్మ చెవిన పడేసరికి మనిషి మునిగేంత అయ్యాయి.

సెల్లమ్మకు కోపం రావడానికి కారణముంది. రంజిత ఉయ్యాలలో ఉన్నప్పుడే ఆమె తన కొడుకు శక్తివేల్‌కు అడిగిపెట్టుకుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే కాబట్టి, ఆ మాట కాదంటాడని అనుకోలేదు. రంజిత ఏటి గట్టు ఇల్లే కావాలనడంతో శంకరన్ అటే మొగ్గాడు. ఆ రోజు నుంచి సెల్లమ్మ తమ్ముడితో మాట్లాడటం మానేసింది. మిగతా లోకంతో ఎప్పటిలాగే మాట్లాడుతోంది.

ఆమె మామూలు మాటకారి కాదు. ఒకరింటి నుంచి బయల్దేరాలంటే నడవలో ఒకసారి, గడపలో ఒకసారి, వీధిలో ఒకసారి పోయొస్తానని చెప్పి, మలుపు దాకా పోయి, చెప్పడం మరిచిందేదో గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. ఆమె సంచి సర్దుకుంటోందంటే చుట్టాలు ఇంకోసారి కాఫీ పెట్టేవాళ్ళు.

పెళ్ళయి ఏడాది గడిచాక, ఎండలు ముదిరే పంగుని నెలలో ఒకరోజు ఆమె రంజితకు ఫోన్ చేసింది. ఊళ్ళో అందరి ఆరోగ్యాలూ చెప్పి, అసలు సంగతికి వచ్చింది.

"నా కొడుకు కంటే ఎక్కువైన ఆ ఏరు ఎట్లుండాదో నా కండ్లతో చూడాల. అది చూసినాకే నీ నాయనతో మాట. లేకుంటే ఈ జన్మకు లేదు. ఆదివారం వస్తా ఉండాను పాపా."

వెనకే శంకరన్ ఫోన్ చేశాడు. ఆయనా ఆదివారమే వస్తాడట. నీళ్ళు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయంది రంజిత. ఫోన్ పెట్టేశాక చాలాసేపు పప్పు ఏరుతూ కూర్చుంది. తండ్రి ఏడాదిగా ఏ పెళ్ళికి పోయినా అక్క కూర్చున్న పంక్తి చూసుకుని, దానికి దూరంగా కూర్చుంటున్నాడని ఆమెకు తెలుసు.

సంగతి విని మునియమ్మ నొచ్చుకుంది. నదిని ఎవరైనా చూడటానికి వస్తామనడం ఆమెకు తన ఇంటి లెక్క అడిగినట్టు అనిపించింది.

"ఏరు యాడికీ పోలేదు. పైన ఎండగా ఉండాదని కింద పండుకోనుండాది. లేస్తే అందరికీ తొందరే," అంది.

ఆమె మాటల్లో తొందర అంటే ఇబ్బంది, అరవంలో లాగ. అది నిజం కూడా. నది లేచి వచ్చిన రోజు ఊరంతా పోయి కర్పూరం వెలిగించి దండం పెడుతుంది. మర్నాటి నుంచి బస్సుకు వంతెన చుట్టుకుని పోవాలి. ఆవులకు మేత ఉండదు, చింతపండు ఆరబెట్టడానికి చోటుండదు, సాయంత్రం మంచాలు వేసుకుని గాలికి పడుకోవడానికి ఇసుక ఉండదు. వారం తిరిగేసరికి ఎప్పుడు పోతుందా అని ఊరు గట్టున నిలబడి చూస్తుంది. నది ఒడ్డున ఉండే సుఖమంతా నది పడుకుని ఉన్నప్పుడే.

రంజిత భర్త ఉదయకుమార్ ఈ మాటలన్నీ అన్నం తింటూ విన్నాడు. అతను వేలూరులో టైల్స్ మేస్త్రి. అతను వేసిన బాత్రూము గోడకు ఆ పక్కన సముద్రం ఉన్నా ఈ పక్కకు చెమ్మ రాదని పేరు. శనివారం మధ్యాహ్నమే పని ముగించుకుని, ఒక గోనెసంచిలో మిగిలిపోయిన టైల్స్, సిమెంటు తెచ్చాడు. లేత నీలం టైల్స్. రెండింటి మీద చేపలు ఎగురుతున్నాయి. చెలమను కాస్త వెడల్పు చేసి, చుట్టూ గుండ్రంగా కట్టి, అడుగున కూడా పరిచి, సందుల్లో తెల్ల సిమెంటు నింపాడు. నీలంగా ఉంటే నీళ్ళు లోతుగా కనిపిస్తాయని పెళ్ళానికి వివరించాడు. వీధి వీధంతా చూసిపోయింది. మా ఇంట్లో కూడా ఇంత బాగా లేదని ఒకరిద్దరు అన్నారు.

ఆదివారం పొద్దున చెలమలో చుక్క నీళ్ళు లేవు.

మునియమ్మ వంగి, అడుగున వేలితో రాసి చూసింది. వేలికి కాస్త తెల్ల సిమెంటు అంటింది.

"నీళ్ళు రాకుండా కట్టేదే గదా నాయనా నీ పని. బాగా చేసినావు," అంది కొడుకుతో.

ఉదయకుమార్ పగలగొడతానన్నాడు. సుత్తి కోసం ఇంటికి పోయేసరికి వాకిట్లో ఆటో ఆగింది. అక్కా తమ్ముళ్ళిద్దరూ పళ్ళికొండలో వేరువేరు బస్సులు దిగి, ఒకే ఆటో దొరకడంతో పక్కపక్కనే కూర్చుని, ఒకరికొకరు చెప్పాల్సిందంతా డ్రైవరుకు చెప్పుకుంటూ వచ్చారు. ఆ అబ్బాయి వాళ్ళను దించిన వెంటనే వెళ్ళిపోయాడు.

సెల్లమ్మ కాఫీ కూడా వద్దంది. నేరుగా గట్టు దిగింది. అందరూ ఆమె వెనక దిగారు. ఇసుకలో నాలుగడుగులు వేసి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఆ కొసా ఈ కొసా చూసింది.

"ఏరు యాడ వదినా?"

"నువ్వు నిలుచుకోనుండేదే," అంది మునియమ్మ.

"ఓ. మా గుడియాత్తంలో గూడా ఇట్లాంటిదొకటి ఉండాది. దాన్ని చెప్పి మేం ఎవురింటి పిల్లనూ అడగలేదు," అంది సెల్లమ్మ. అప్పుడే ఆమె కంటికి నీలం గుంట కనబడింది. అందులో ఒక మేకపిల్ల చల్లగా పడుకుని ఉంది. "ఇదేంది? ఏట్లో బాత్రూము కట్టినారా?"

ఉదయకుమార్ చేప బొమ్మ మీద మేకపిల్ల కాలి గుర్తు పడిందేమో చూస్తున్నాడు.

శంకరన్ మాత్రం ఇసుకనే చూస్తున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. కూతురి వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకున్నాడు. అక్క ముందు ఓడిపోయినందుకు కాదది. తను చూసిన మోకాలి లోతు నీళ్ళను నమ్మి, బిడ్డను మోసపుచ్చానని ఆయన అనుకుంటున్నాడు. రంజితకు అది అర్థమైంది.

ఆమె చంకలోని బిందె కింద పెట్టి, చిప్ప తీసుకుని, కాస్త అవతల ఇసుక నల్లబడిన చోటు చూసి, కుచ్చెళ్ళు దోపుకుని కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. సెల్లమ్మ పక్కన నిలబడి, ఎండ గురించీ, శక్తివేల్ ఇంటి మేడ మీద పెట్టించిన నీళ్ళ ట్యాంకు గురించీ చెబుతోంది. గుంట పక్కలు జారి మళ్ళీ పూడిపోతున్నాయి. శంకరన్ పంచె ఎగ్గట్టి కూతురికి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఎంత వేగంగా తవ్వితే పక్కలు అంత వేగంగా జారుతున్నాయి.

సెల్లమ్మ ట్యాంకు మాట మధ్యలో ఆగింది. ఓర్చుకున్నంత ఓర్చుకుంది.

"ఒరే శంకరా, ఇసకను నిలువుగానా తోడేది? ఓరగా తియ్యి. చిన్నప్పుడు నేను నేర్పించిందంతా నీళ్ళల్లో కలిపేసినావా?"

"అట్లనే అక్కా," అన్నాడు శంకరన్, తలెత్తకుండా.

మునియమ్మ వాన వచ్చేలా ఉందా అన్నట్టు ఆకాశం వైపు చూసింది. మబ్బు తునక కూడా లేదు. సెల్లమ్మ సంచి ఉదయకుమార్ చేతికిచ్చి, తమ్ముణ్ణి అటు జరగమని, తనూ కూర్చుంది. మోచేయి లోతున ఇసుక చల్లబడింది. ఇంకాస్త తవ్వాక అడుగున చెమట పట్టినట్టు తడి మెరిసింది. ఆ తడి చేరి చారెడు నీళ్ళయింది.

మొదటి నీళ్ళు తోడి పారబోశారు. రెండోసారి తోడినవీ పారబోశారు. నీళ్ళు తేరుకునేదాకా ముగ్గురూ గుంట చుట్టూ కూర్చున్నారు.

"నిజం చెప్పు పాపా. నువ్వు కావాలన్న ఏరు ఇదేనా?" అని అడిగింది సెల్లమ్మ. ఈసారి గొంతు తగ్గించింది.

"నేనడిగింది నీళ్ళే గదత్తా. ఉండాయి," అంది రంజిత.

చిప్ప నిండా ముంచి ఆమెకే ముందు ఇచ్చింది. సెల్లమ్మ ఒక గుక్క నోట్లో పెట్టుకుని, కాసేపుంచి, మింగింది. వాళ్ళ గుడియాత్తం ఇంట్లో బోరు నీళ్ళకు పప్పు ఉడకదు. మళ్ళీ తాగింది. చిప్ప ఖాళీ చేసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఉప్పు లేదు," అంది.

ఇంకేమైనా అంటుందని అందరూ చూశారు. ఆమె లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంటూ, ఆ బాత్రూములో టైల్స్ మాత్రం బాగున్నాయనీ, గుడియాత్తం వచ్చి తమ ఇంట్లో కూడా అట్లాగే వేసిపెట్టాలనీ ఉదయకుమార్‌తో చెప్పింది. అతను చాలాసేపటికి తలెత్తాడు.

ఆ సాయంత్రం ఇసుకలో మంచాలు వేశారు. కొబ్బరిచెట్ల మీదుగా గాలి వచ్చింది. సెల్లమ్మ తమ్ముడికి చెప్పకుండా దాచిపెట్టిన ఏడాది కబుర్లు వరసగా చెప్పింది. శంకరన్ ఊ కొట్టాడు. ఊ కొట్టడం ఆపినప్పుడల్లా ఆమె తట్టి లేపింది.

మర్నాడు పొద్దున్నే ఆమె తలదువ్వుకుని, సంచి సర్దుకుని, గడప పక్కన పెట్టుకుంది. మొదటి బస్సుకు పోవాలని ముందే చెప్పింది. మునియమ్మ సంచిని చూసి కాఫీకి ఇంకాస్త పాలు కలిపింది. శంకరన్ గోడకు ఆనుకుని సర్దుకుని కూర్చున్నాడు. రంజిత బిందె చంకన పెట్టుకుని నదికి బయల్దేరబోతూ, మేనత్త వీడ్కోలు మొదలుపెడుతుందేమోనని గడప దగ్గర ఆగింది.

సెల్లమ్మ లేచింది. సంచి అక్కడే ఉంది. ఆమె రంజిత చంకలోంచి బిందె తీసుకుంది, చిప్ప అందులో వేసుకుంది, గడప దాటి, ఎవరితోనూ ఒక్క మాటా అనకుండా గట్టు దిగిపోయింది.