గురువారం సంతకాలు

జూన్ పందొమ్మిది, బుధవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు రాజధాని అసున్సియోన్ నుంచి తనిఖీ అధికారి మా కుటుంబ కోర్టుకు వచ్చాడు. పేరు అమీల్కర్ ఒవెలార్. జడ్జి వీల్దో కాసేరెస్ మీద వచ్చిన ఫిర్యాదు ఆయన చేతిలో ఉంది. నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఇక్కడ కాఫీ ఎవరు పెడతారని.

నేనే పెడతాను. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఆ కోర్టులో శిరస్తాదారుగా ఉన్నాను. జడ్జి సంతకం కింద ‘నా ఎదుట’ అని రాసి నేను సంతకం పెడితేనే కాగితం చెల్లుతుంది. చట్టంలో నా పని అది. చట్టంలో లేని పనులు, పది గంటలకు డాక్టర్ గారికి ఐసు వేసి తెరెరే అనే ఆకుల పానీయం కలపడం, ఆయన భార్య పుట్టినరోజు ఆయనకు గుర్తు చేయడం, ఆయన తీర్పులు రాయడం. జడ్జిని మేం డాక్టర్ గారనే పిలుస్తాం.

గురువారం పశువుల సంత. ఆయనకు రెండు వందల ఆవులున్నాయి. బుధవారం మధ్యాహ్నం వెళ్లేముందు పది పన్నెండు తెల్లకాగితాల మీద కింద సంతకాలు పెట్టి నా బల్ల మీద ఉంచేవారు. “పైన నువ్వు నింపుకో జునిల్డా తల్లీ. నా తీర్పు కంటే నీ రాతే నయం” అనేవారు. మర్నాడు గేటు దగ్గర గార్డు ఫెర్మీన్ వచ్చినవాళ్లకు, “డాక్టర్ గారు ఆవుల వాంగ్మూలం తీసుకోడానికెళ్లారు” అని చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. మొదటి రెండేళ్లు దాన్ని నమ్మకం అనుకున్నాను. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. అలవాటైన పనికి పేరు పెట్టుకునే తీరిక ఉండదు.

మార్చి పధ్నాలుగు గురువారం. బ్లాసిదా రొమాన్ అనే ఆమె పిల్లల కేసు. ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చేముందు తల్లి మాటను జడ్జి స్వయంగా వినాలి. ఆ గదిలో ఆమె, ఆమె భర్త తరఫు లాయరు, నేను ఉన్నాం. ఆమె నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఒకసారి ఆగి, “జడ్జిగారు ఎప్పుడొస్తారమ్మా?” అంది. “మీరు చెప్పండి, నేను రాస్తున్నాను” అన్నాను. అది అబద్ధం కాదు, జవాబూ కాదు. ఆమె మాటల్ని పదకొండు వరుసలు చేశాను. మొదటి వరుస, ‘గౌరవ న్యాయమూర్తి సమక్షంలో.’ సాయంత్రం ఫోన్ చేసి, ఆమె చాలా ఏడ్చిందండీ అని డాక్టర్ గారికి చెప్పాను. వెనక ఆవులు అరుస్తున్నాయి. “అది రాయకు. పిల్లల్ని తండ్రికిచ్చెయ్, వాడికి సొంతిల్లుంది” అన్నారు. ఆ మాటకు ఆరు పేజీల కారణాలు నేను రాశాను.

బ్లాసిదా ఫిర్యాదు ఒక్క పేజీ. జడ్జి ముఖం తను చూడలేదని, తన గోడు విన్నది కళ్లజోడు పెట్టుకున్న ఆవిడని రాసింది. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు ఆమె మీదే కేసు పెట్టాలని భర్త లాయరు అర్జీ వేశాడు. నా కాగితం నిజమైతే ఆమె అబద్ధాలకోరు. ఆ తర్వాత పిల్లల సంగతి మళ్లీ ఎత్తడానికి కూడా ఉండదు.

ఒవెలార్ రావడానికి ముందు ఆదివారం మా ఇంట్లో ఇదే మాట నడిచింది. గిన్నెలు కడుగుతూ విన్నాను. మా ఆయన డెర్లిస్‌కు మునిసిపాలిటీలో ఉద్యోగం వేయించింది డాక్టర్ గారే. అతని నెలవారీ నివేదికలు నేను రాస్తాను, అతను చదవకుండా సంతకం పెడతాడు. “నువ్వు చేసేది టైపే కదా. ఆ రోజు డాక్టర్ గారు ఉన్నారని కొట్టేస్తే పోయె” అన్నాడు. మా అమ్మాయికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడింది కూడా డాక్టర్ గారే. మా అత్తయ్య ఎవుసేబియా ఆ మాట పట్టుకుంది. “నీ కూతురి జ్ఞానతండ్రి మీద నువ్వే చెప్తావా అమ్మాయ్? రేపు దాని పెళ్లికి ఏ మొహం పెట్టుకుని పిలుస్తావ్?”

“దానికింకా తొమ్మిదేళ్లే అత్తయ్యా.”

“అయితే మరీ ఎక్కువకాలం మొహం దాచుకోవాలి.”

డెర్లిస్ పడీ పడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు నేను బ్లాసిదా గురించి ఆలోచించానంటే అది నిజం కాదు. నా ఉద్యోగం గురించే ఆలోచించాను. జడ్జి లేరని చెప్తే, చూడనిదాన్ని చూశానని ఇన్నేళ్లూ సంతకం పెట్టింది నేనని చెప్పినట్టే. ఉన్నారని చెప్పడానికే నిర్ణయించుకుని పడుకున్నాను.

బుధవారం ఒవెలార్ టైపు చేసేవాళ్లెవరినీ వెంట తెచ్చుకోలేదు. “ప్రతి కోర్టులో మీలాంటివారు ఒకరుంటారు కదండీ” అన్నాడు. సాక్షుల వాంగ్మూలాలన్నీ నేనే కొట్టాను. ఫెర్మీన్ తనకేమీ గుర్తు లేదన్నాడు. పదిన్నరకు డాక్టర్ గారు వచ్చి కూర్చున్నారు.

“ఉన్నానండీ. ఎందుకు లేను? బాగా గుర్తుంది. పాపం, ఆమె చాలా ఏడ్చింది కూడా.”

ఆ వాక్యం కూడా నేనే కొట్టాను. ‘చాలా’ దగ్గర నా వేళ్లు ఆగాయి. డాక్టర్ గారు నా వైపు చూసి, “రాసుకో తల్లీ” అన్నారు. రాశాను.

పదకొండూ నలభైకి నా వంతు వచ్చింది. ఒవెలార్ కిటికీ దగ్గర నిలబడి, నన్ను ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. “సాక్షి చెప్పేదేమంటే, ఆ రోజు న్యాయమూర్తి గదిలోనే ఉన్నారు. ఫుల్‌స్టాప్.” నేను కొట్టాను, ప్రింటు తీశాను, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చదివాడు.

“ఇదేంటండీ? న్యాయమూర్తి గదిలో లేరని ఉంది. నేను చెప్పింది ఇది కాదే.”

“మీరు చెప్పింది కాదండీ. సాక్షి చెప్పింది.”

“ఆ రోజు కాగితం మీద మీ సంతకం కూడా ఉంది. ఏమవుతుందో తెలుసా?”

“తెలుసు. చూడనిదానికి సంతకం పెట్టానని రెండో వాక్యంలోనే ఉంది. చదవండి.”

ఆయన మళ్లీ చదివాడు. “పోనీ, భోంచేసి వచ్చాక మళ్లీ రాసుకుందామా?”

“ఆమె ఏడ్చిందని డాక్టర్ గారికి చెప్పింది నేను. అదీ కలపమంటే కలుపుతాను. తీసెయ్యడానికి మాత్రం రాను.”

ఉత్తర్వు ఆగస్టు రెండున వచ్చింది. జడ్జికి ముప్పై రోజుల సస్పెన్షన్. తప్పుడు ధ్రువీకరణ చేసినందుకు నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. బ్లాసిదా మీద వేసిన అర్జీ కొట్టేశారు. పిల్లల తీర్పు రద్దు చేసి, పక్క ఊరి జడ్జి కేసు మొదటి నుంచీ వినాలన్నారు.

ఆగస్టు ఇరవై ఏడు, మంగళవారం ఆ పక్క ఊరి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. పది గంటల ఐదు నిమిషాలకు జడ్జి లోపలికి వెళ్లారు. పదీ పదికి బ్లాసిదాను పిలిచారు. తలుపు వేశారు. పదకొండూ యాభై వరకు ఇద్దరిలో ఎవరూ బయటికి రాలేదు.