కుడిచేతి దారి

"ఎడమచేతికి వెయ్యకూడదా డాక్టరుగారూ? ఇంట్లో పనంతా ఆ కుడిచేత్తోనే కదా."

పెళ్ళాం ప్రాణం గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. పాపం, చెడ్డవాడేం కాదు. నాలుగు రోజులుగా ఆస్పత్రి బెంచీ మీదే కునుకు తీస్తున్నాడు. అయినా నోటికి ముందొచ్చింది అదే. మంచం మీదున్న ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వితే కాల్లో గడ్డకట్టిన రక్తం కదిలి ఎక్కడ ఊపిరితిత్తుల్లోకి పోతుందోనని ఆ నవ్వునీ దిగమింగింది.

పగలంతా బట్టల షాపులో నిలబడటం, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర నిలబడటం. కాలు వాస్తే "అదే తగ్గుతుందిలే" అంది అత్తగారు. పని ఆగకూడదని ఏడాదిగా నొప్పి బిళ్ళలు మింగింది. అవి కడుపులో పుండు చేశాయి. పుండులోంచి నెత్తురు కారుతుంటే రక్తం పలచబడే మందులు ఇవ్వలేమన్నారు. ఇక మిగిలింది, గుండెకి వెళ్లే పెద్ద రక్తనాళంలో చిన్న జల్లెడ లాంటిది పెట్టడం. గడ్డ పైకొస్తే అక్కడే చిక్కుకుపోతుంది.

"మెడ నుంచీ వెళ్లొచ్చు, తొడ నుంచీ వెళ్లొచ్చు. కుడిచేతి నుంచైతే మీకు సులువు" అంది డాక్టరమ్మ, ఆయన వైపు కాదు, ఆవిడ వైపు తిరిగి. "మీరేమంటారు?"

అడుగుతున్నది తననేనని అర్థం కావడానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది. ఇల్లు మారినప్పుడు గానీ, కిటికీ పరదాలు మార్చినప్పుడు గానీ ఆ మాట ఎవరూ అడగలేదు.

"కుడిచెయ్యే" అంది.

మత్తుసూదికి చెయ్యి మాత్రం మొద్దుబారింది, ఆవిడ మెలకువగానే ఉంది. తెర మీద సన్నని గొడుగులాంటిది విచ్చుకోవడం చూసింది. "అయిపోయిందమ్మా, ఇక భయం లేకుండా ఊపిరి పీల్చుకోండి" అన్నారు. నాలుగు రోజులుగా దొంగచాటుగా పీలుస్తున్న గాలిని గుండెనిండా తీసుకుంది. హమ్మయ్య, బతికాను అనుకుంది. కళ్ళమ్మట నీళ్లు వాటంతటవే కారాయి.

వారం పాటు ఆ చేత్తో బరువులెత్తొద్దన్నారు. ఇప్పట్లో ఎక్కువసేపు నిలబడొద్దని, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోమని కూడా చెప్పారు.

ఇంట్లో ఆ చేతికి జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. పొద్దున్నే అత్తగారు "చెయ్యెలా ఉందమ్మా?" మధ్యాహ్నం ఫోన్లో ఆడపడుచు "వదినా, చెయ్యి లేస్తోందా?" వేళ్ళు కాల్చుకుంటూ వంట చేస్తున్న ఆయన పూటకోసారి. కాలెలా ఉందని ఒక్కరూ అడగలేదు. కాలితో వాళ్ళకేం పని?

ఎనిమిదో రోజు కట్టు విప్పింది. ఆవగింజంత మచ్చ. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "ఇంతేనా" అంది. వంటింట్లోంచి ఆయన గరిటెతో సహా వచ్చేశాడు.

"బాగయిందా?" అంటూ గరిటె అందించబోయాడు.

"పూర్తిగా బాగయిందండీ."

ఆ బాగైన చేత్తోనే స్టూలు దగ్గరికి లాక్కుని, వాచిన కాలు దాని మీద పెట్టుకుంది ఆవిడ.

"జబ్బు చేతికి కాదు, కాలికి. కూరలో ఉప్పు చూసి వెయ్యండి."