శుక్రవారం ఇవ్వకూడని ఆటగాడు

బుధవారం మధ్యాహ్నం టైలర్ ఆనందం ఒక చొక్కాకు కాలరు కుడుతుండగా ఫోను మూడోసారి టింగుమంది. చూడకుండానే తెలుసతనికి. మళ్ళీ కేదారే, మళ్ళీ ఆ ముసలివాళ్ళే.

అది ఇంటర్నెట్‌లో ఆడే బాస్కెట్‌బాల్ ఆట. బంతి ముట్టుకునే పని లేదు. ఒక్కొక్కరికి ఒక జట్టు ఉంటుంది. ఆటగాళ్ళను సాకి తయారుచేసుకోవాలి, కావలసినవాడి కోసం ఇంకొకరితో మారకం చేసుకోవాలి. ఆ మారకాన్నే ట్రేడు అంటారు. మ్యాచులు కంప్యూటరే ఆడించి సాయంత్రానికి ఫలితం చెబుతుంది. సిరిసిల్లలో చదువుకునే రోజుల్లో నిజం బంతితోనే ఆడిన ఆనందం, అమీర్‌పేటలో టైలర్ షాపు పెట్టాక ఈ జట్టును నాలుగేళ్ళుగా నడుపుతున్నాడు. ఇప్పుడది పదహారు జట్లలో పదిహేనోది. చివరి రెండూ కింది లీగుకు పోతాయి. శుక్రవారం నుంచి ఆరు మ్యాచులు మిగిలాయి. బంతి అందించే మంచి గార్డు దొరికితే గట్టెక్కవచ్చు. లేకపోతే నాలుగేళ్ళ కష్టం గంగపాలే.

అలాంటి గార్డు కేదార్ జట్టులో ఉన్నాడు. ఫ్లావియో. ఆట అతనికి వేసిన మార్కులు అరవై ఆరు. కేదార్ కన్నేమో ఆనందం సాకిన డొమాస్ మీద. పద్దెనిమిదేళ్ళ పొడుగు పిల్లవాడు, మార్కులు ఇంకా అరవై ఒకటే, కానీ ఎదిగే వయసు.

కేదార్ రాజమండ్రి మనిషి. మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతాడు. రెండు క్లాసుల మధ్య టీ బండి దగ్గర దొరుకుతాడని తెలిసి, ఆనందం మెడలో టేపుతోనే వెళ్ళి పట్టుకున్నాడు.

“ఏంటి ఆనందం గారు, మళ్ళీ కాదన్నారు? ముగ్గుర్నిస్తానంటున్నాను, ఒక్కణ్ణే అడుగుతున్నాను.”

“ముగ్గురికి కలిపి వందేండ్లు దాటినయి సార్. వాళ్ళతోని ఆడిపించాల్నా, వాళ్ళకు సేవ చెయ్యాల్నా?”

“అనుభవం ఉంది కదండీ.”

“అనుభవమున్నది, మోకాళ్ళే లేవు. ఫ్లావియోను ఇయ్యుండ్రి, డొమాస్‌ను తీస్కోండ్రి. సీదా మాట.”

“అమ్మో, ఫ్లావియోకి వాడొక్కడే సరిపోడండి. ఇంకొకణ్ణి కలపండి.”

“ముసలోళ్ళను నా నెత్తిన పెట్టనీకి చూసి, మళ్ల నన్నే కలుపుమంటున్నరు. మీ ప్యాంటుకు ఒక్క కాలే కుట్టిస్త సార్. రెండోది మీరు కలుపుకోండ్రి.”

టీ పోసే అతను ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. కేదార్ గ్లాసు కింద పెట్టి క్లాసుకు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పదకొండు మెసేజులు నడిచాయి. ఒకసారి ముసలివాళ్ళు ఇద్దరయ్యారు, ఒకసారి గాయపడి మంచంలో ఉన్నవాడొకడు వచ్చి చేరాడు. గురువారం మధ్యాహ్నానికి కేదార్ దిగివచ్చాడు. ఒకరికి ఒకరు. ఆనందం ఫోన్లోనే “మాటిస్తున్న సార్, డొమాస్ మీవాడే” అన్నాడు. కేదార్ తన వైపు నుంచి ట్రేడు పంపాలి, ఆనందం ఒప్పుకున్నానని నొక్కాలి. క్లాసు అవగానే పంపుతానన్న కేదార్ క్లాసులోనే మునిగిపోయాడు. ట్రేడు వచ్చేసరికి శుక్రవారం పొద్దున తొమ్మిదయింది.

శుక్రవారం ఆనందం ఇంట్లోంచి ఏదీ బయటికి ఇవ్వరు. ఉప్పు ఇవ్వరు, తోడుకు చెంచాడు పెరుగు కూడా ఇవ్వరు. లక్ష్మి వెళ్ళిపోతుందని నమ్మకం. కుట్టిన బట్టలు ఇస్తాడు గానీ, అవి ఎవరివి వారివే. డొమాస్ అలా కాదు, సొంతం.

ఇంకొకటి కూడా జరిగింది. వారానికోసారి వచ్చే శిక్షణ ఫలితాలు ఆ తెల్లవారుజామునే వచ్చాయి. దేవుడి ముందు దీపం పెట్టి వచ్చి చూస్తే డొమాస్ అరవై ఏడు. ఒక్క వారంలో ఆరు మార్కుల పెరుగుదల నాలుగేళ్ళలో అతను చూడలేదు.

కేదార్ ఫోను చేశాడు. “నొక్కలేదేంటండీ?”

“ఇయ్యాల శుక్రారం సార్. ఇంట్లకెంచి ఏం ఇయ్యం.”

“వాడు మీ ఇంట్లో ఉన్నాడా అండీ? ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో నాకే తెలీదు.”

“యాడున్నా నా పేరు మీదనే ఉన్నడు గదా.”

“సాయంత్రం ఆరింటికి గడువైపోతుంది. ఇంక ఈ సీజన్లో ట్రేడులే ఉండవు.”

“నిన్న పంపియ్యాల్సింది మీరు.”

“నిన్న మాటిచ్చింది మీరండీ.”

ఆనందం ఫోను పెట్టేశాడు. సూదిలోకి దారం మూడుసార్లు పెట్టినా ఎక్కలేదు. డొమాస్ అరవై ఒకటి దగ్గరే ఆగి ఉంటే శుక్రవారం ఇంత గట్టిగా గుర్తొచ్చేదా? పెరుగు సంగతి అమ్మవారు పట్టించుకుంటుందని అతను నమ్ముతాడు. మరి ఈ సంగతో? ఎవరిని అడగాలో తెలియలేదు.

మధ్యాహ్నం భోజనానికి బల్కంపేటలోని ఇంటికి వెళ్ళి తల్లి కాంతవ్వనే అడిగాడు. ఆట ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అడగవలసినవి మాత్రం అడిగింది.

“ఇస్తనని ఎప్పుడన్నవు?”

“నిన్న.”

“మరి నిన్ననే పాయె గదరా వాడు. పరాయోళ్ల పిల్లగాన్ని ఇంట్ల పెట్టుకొని శుక్రారం అంటవేంది?”

“వాడు ఇయ్యాల మస్తు పెరిగిండు అవ్వా.”

“పిల్లగాడాయె, పెరగడా? పెరిగిండని ఆపుతున్నవా, శుక్రారమని ఆపుతున్నవా?”

ఆనందం చారన్నం ముగించి, చేయి కడుక్కుని, ఫోను తీసి నొక్కాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ లీగులో ప్రతి ట్రేడునూ మిగతా జట్లవాళ్ళు చూస్తారు. నలుగురు అన్యాయమంటే అది రద్దు. నాలుగు గంటలకల్లా ముగ్గురు అన్యాయమన్నారు. నాలుగోవాడు అభిలాష్ “నేను సుత అన్యాయమనే కొడుతున్న” అని లీగు గ్రూపులో రాశాడు, ఫోను మాత్రం ఎత్తడు. ఆనందం సగం కుట్టిన జాకెట్టును మిషను మీదే వదిలి, మెట్రో ఎక్కి, పక్క స్టేషను పంజాగుట్టలో దిగి, అభిలాష్ పనిచేసే ఫోన్ల షాపుకు నడిచాడు.

“అరవై ఏడోన్ని ఇచ్చి అరవై ఆరోన్ని తెచ్చుకుంటున్నరు అన్నా. అది సుత వయసైనోన్ని. ఆ సార్ మిమ్మల్ని ముంచుతుండు.”

“మునిగేది నేను గదా. నీకెందుకు ఫికర్?”

“మీ మంచికే అన్నా.”

“నాయినా, బేరమైననాడు వాడు అరవై ఒకటే. నన్ను ఎవ్వరు మోసం చేస్తలేరు. నేను మోసం చెయ్యకుంట ఉండాల్నని చూస్తుంటె మీరు ఉండనిస్తలేరు.”

అభిలాష్ చేతిలో ఉన్న ఫోనుకు అద్దం అతికించడం పూర్తిచేసి, “కింది లీగుల పడ్డంక నన్ననొద్దు మరి” అని తన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆరింటికి ట్రేడు ఖాయమైంది. వెంటనే కేదార్ మెసేజు: “డొమాస్ 67 అయ్యాడా! ఇప్పుడే చూశాను. పొద్దున్నే ఒక మాట చెప్పొచ్చు కదండీ. ఊరికే టెన్షన్ పెట్టారు.” ఆనందం జవాబు రెండుసార్లు రాసి, రెండుసార్లూ చెరిపేశాడు.

ఏడున్నరకు మ్యాచ్ ఫలితం వచ్చింది. రెండు పాయింట్లతో ఓటమి. ఫ్లావియో బాగానే ఆడాడు, ఎవరూ అందించనన్ని బంతులు అందించాడు. వాటిని అందుకుని బుట్టలో వేసే పొడుగువాడే లేడు.

“వచ్చిండా నీ కొత్తోడు?” కాంతవ్వ అడిగింది.

“వచ్చిండు.”

“ఎట్లున్నడు?”

“మంచిగనే ఉన్నడవ్వా. వానికి తోడే లేడు.”

ఇంకా ఐదు మ్యాచులున్నాయి. ఆనందం కళ్ళజోడు తుడుచుకుని, ఉన్నవాళ్ళలో కాస్త పొడుగ్గా ఉన్నవాడెవడో వెతకడం మొదలుపెట్టాడు.