నలభై ఒకటో కుర్చీ

చిల్సు నలభై ఒకటో కుర్చీని తలకిందులు చేసి పానాతో రెండు దెబ్బలు కొట్టాడు. సీటును పైకెత్తి నిలిపే గ్యాసు గొట్టం అరిగిపోయి, ఊడి చేతిలో పడింది. డెబ్బై దాటిన మనిషి, యాభై కిలోలుండడు. వేళ్లు మాత్రం నల్లగా, కొడవలి పిడుల్లా గట్టిగా ఉంటాయి. కొరియాలోని చున్‌చాన్‌లో విశ్వవిద్యాలయం గేటు ఎదురుగా ఉన్న ఈ కంప్యూటర్ ఆటల గదికి వారానికోసారి వచ్చి ఎనభై కుర్చీలూ చూసిపోతాడు. అంతకుముందు ముప్పై ఏళ్లు అదే గేటు పక్కన సైకిళ్లు బాగుచేశాడు. పిల్లలు సైకిళ్లు దిగి కుర్చీలెక్కారు. ఆయనా పానా పట్టుకుని వాళ్ల వెనకే మెట్లెక్కాడు.

హ్యోను అనే కుర్రాడు నూడుల్స్ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెప్టెంబరులో వదులుగా ఉన్న చొక్కా ఇప్పుడు గుండీల మధ్య నోరు తెరిచింది.

"ఈసారి గట్టిది వెయ్యండి తాతా. ఆట మధ్యలో కిందికి దిగిపోతున్నాను. మావాళ్లు నవ్వుతున్నారు."

"పక్కదాంట్లో కూర్చోకపోయావా?"

"అదీ దిగింది. అన్నీ నాసిరకం."

"రెండు నెలల్లో నాలుగు కుర్చీలు బాగుచేశాను. కూర్చున్నది మాత్రం నువ్వొక్కడివే."

కౌంటరు దగ్గర యజమానురాలు మొహం పక్కకు తిప్పుకుంది. హ్యోను చెవులు ఎర్రబడ్డాయి. గిన్నె బల్ల మీద పెట్టేశాడు.

"ఈ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది తాతా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంట్లో చెప్పలేదు."

చిల్సు తలెత్తి కుర్రాణ్ణి నిదానంగా చూశాడు. వంకరపోయిన చక్రం మళ్లీ తిన్నగా అవుతుందో లేదో ఆయన కన్ను ఇట్టే చెప్పేది. ఇది అవుతుంది.

"నా మోకాలు పట్టేసింది. బస్సులో పోతాను. రేపు పొద్దున నా సైకిలు ఇంటికి చేర్చు. వంతెన దాటగానే నీలం రేకుల ఇల్లు."

"నేనా? అంత దూరమా?"

"తొక్కలేకపోతే నడిపించుకురా. దానికి తొందరేం లేదు."

కిందికి దిగాక కుర్రాణ్ణి సైకిలు పక్కన నిలబెట్టి, నడుము దాకా కొలిచి, సీటు జానెడు పైకి లేపి బిగించాడు. రెండు చక్రాల్లోనూ గాలి కొట్టాడు. తర్వాత బస్సుస్టాపుకు నడిచాడు. ఎక్కడా కుంటలేదు.

మర్నాడు హ్యోను రెండుచోట్ల దిగి నడిచాడు. మిగతాదంతా తొక్కాడు. నీలం రేకుల ఇంటికి చేరేసరికి చొక్కా తడిసి వీపుకి అతుక్కుంది. పక్కింటావిడ వాకిట్లో క్యాబేజీలకు ఉప్పు పట్టిస్తోంది.

"చిల్సు తాత కోసమా బాబూ? రాత్రి నిద్రలోనే పోయాడు. ఆస్పత్రిలో ఉంచారు. చివరిచూపు అక్కడే."

హ్యోను సైకిలు గోడకి ఆనించబోయి ఆగాడు.

"మరి ఈ సైకిలు?"

ఆవిడ ఉప్పు చేతులు దులుపుకుని సీటు వంక చూసింది.

"ఆయన పొట్టివాడు. అంత ఎత్తు సీటెక్కితే కాళ్లు అందవు. ఇంక అది ఆయనది కాదు."

"ఆస్పత్రి ఎటు?"

"వంతెన అవతల. మిట్ట మీద."

హ్యోను సైకిలు తిప్పాడు. మిట్ట మొదట్లో దిగబోయి దిగలేదు. ముందు బుట్టలో, తాత పాత చేతితొడుగులో చుట్టిపెట్టిన పానా గతుకు గతుక్కీ సన్నగా మోగుతోంది.