డ్రాయింగు మీద రెండో పేరు

కాలేజీలో అందరూ ఆమెను మొండిఘటం అనేవారు. అదేదో బిరుదైనట్టు ఆమె ఆ పిలుపుకి పలికేది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి తోటివాళ్లంతా చిన్నాచితకా డ్రోన్లతో సరిపెట్టుకుంటే, ఈ మహాతల్లి ఏకంగా ప్రయాణికుల విమానం గీయడానికి కూర్చుంది. అదీ మామూలుది కాదు. విమానం దిగగానే సీట్ల గది మొత్తం బయటికి జారుతుంది, శుభ్రం చేసి ఉంచిన ఇంకో గది లోపలికి ఎక్కుతుంది.

ఎందుకంటే వాళ్లమ్మ విమానాలు ఊడుస్తుంది. ఒక ప్రయాణానికీ ఇంకోదానికీ మధ్య ఇరవై నిమిషాలు, నూట ఎనభై సీట్లు. ఆలస్యమైతే తిట్లు, కాకపోతే మోకాళ్ల నొప్పులు. ఆ ఇరవై నిమిషాల మాటెత్తితే కూతురికి ఒళ్లు మండేది.

డ్రాయింగు మొదట చూసింది అమ్మే. వంటగది బల్ల మీద పరిచిన కాగితంపై వేలు పెట్టింది.

"ఈ లాకులు సీట్ల కింద పెట్టావేంటే?"

"గదిని విమానానికి పట్టి ఉంచేవి అవేనమ్మా. అక్కడైతే బరువు తక్కువ."

"బరువు సంగతి నాకు తెలీదు. జ్యూసు, కాఫీ, పిల్లల వాంతులు అన్నీ అక్కడికే దిగుతాయి. తుప్పు పట్టి బిగుసుకుపోతే నీ గది కదలదు. మా నడుములే విరుగుతాయి."

కూతురు పెన్సిలు అందుకుంది. నాలుగు నెలల లెక్కలు మళ్లీ మొదటికొచ్చాయి. లాకులన్నీ గోడల్లోకి, కిటికీల పైకి ఎక్కాయి. కాగితం మూలన ఆమె పేరు కింద అమ్మ పేరూ ఎక్కింది.

పరీక్ష రోజు ప్రొఫెసర్ సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. లాకులు పైకెందుకు ఎక్కాయని అడిగాడు. ఆమె చెప్పింది.

"బాగుంది," అన్నాడాయన. "ఈ రెండో పేరెవరిది?"

"మా అమ్మది సర్. ఈ ఆలోచన ఆవిడదే. విమానాలు శుభ్రం చేస్తుంది."

"ఇక్కడ ఇంజనీర్ల పేర్లే ఉండాలమ్మా. అది కొట్టేయ్, సంతకం పెడతాను. లేదంటే వచ్చే ఏడాది మళ్లీ రా."

పెన్ను ముందుకు తోశాడు. ఏడాది పోతుందంటే ఆమెకు భయమేసింది. భయం కంటే కోపం ఎక్కువేసింది. పెన్ను తీసుకుని, అమ్మ పేరు పక్కన 'విమానాల శుభ్రత, పంతొమ్మిదేళ్ల అనుభవం' అని రాసింది.

"వస్తాను సర్. ఇదే డ్రాయింగుతో, ఇద్దరి పేర్లతో."

వరండాలో అమ్మ డ్యూటీ యూనిఫాంలోనే ఎదురుచూస్తోంది.

"పాసయ్యావా?"

"లేదు. నీ పేరు కొట్టేయమన్నారు. కొట్టేయనన్నాను."

"నీకేమైనా పిచ్చా? నా పేరుతో ఎవరికేం పని? ఏడాది పాడుచేసుకుంటావా?" అమ్మ గొంతు వరండా అంతా వినబడింది. కాగితం లాక్కుంది. చదివింది. ఇంకోసారి చదివింది.

"పంతొమ్మిది కాదే," అంది చివరికి. "ఇరవై ఒకటి. దిద్దు."