పక్క సీటు బ్రేకు

ఆయన్ని ఎదురుగా మేష్టారూ అంటారు. వెనక్కి తిరిగితే బ్రేకు మేష్టారు అంటారు. డ్రైవింగ్ స్కూలు బండిలో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి. నేర్చుకునేవాడు కంగారు పడితే నేర్పేవాడు తొక్కి ఆపడానికి. తక్కిన మేష్టార్లు ప్రమాదం ఎదురొచ్చాక తొక్కుతారు. ఈయన ప్రమాదం ఇంకా ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ ఉండగానే తొక్కేస్తాడు. ఆ బండికి ఇన్నేళ్ళలో ఒక్క గీత పడలేదు. ఆయన కూడబెట్టింది ఏమైనా ఉందంటే అదే.

అలవాటు ఇంటిదాకా వచ్చింది. టీవీలో బండి మలుపు తిరిగినా ఆయన కుడికాలు నేలని నొక్కుతుంది. "దానికి బ్రేకు లేదు, మీరు పడుకోండి," అంటుంది భార్య. ఆమె బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు ఉన్నా ఆమె మాటకి అడ్డం రావు. ఆయన మాత్రం మాట పొదుపు. "మెల్లగా", "అద్దం చూడు", "ఆగు". ఈ మాటలతోనే స్కూలూ నడిపాడు, సంసారమూ నడిపాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పశువుల డాక్టరు చదువు పూర్తయింది. ఇవాళే కాలేజీలో పట్టా ఇస్తున్నారు. పొద్దున్నే తల్లి నల్లగౌను అంచు మడిచి కుడుతూ మొగుడి వంక చూసింది.

"ఏమండీ, పిల్ల ఇవాళ పట్టా పుచ్చుకుంటోంది. తండ్రిగా నాలుగు మంచి మాటలు చెప్పండి. బతుకంతా పనికొచ్చేవి."

"మెల్లగా చెప్తాలే."

"ఆ మెల్లగా అన్నది కాకుండా."

పట్టా సంగతి సరే. అసలు గొడవ మధ్యాహ్నం ఉంది. పశువుల ఆసుపత్రి వాళ్ళు అమ్మాయికి ఉద్యోగం ఇచ్చారు. పాకల వెంట తిరిగి పశువుల్ని చూడాలి. బండి ఇస్తారు, నడుపుకోవడం తనే నడుపుకోవాలి. ఇవాళ ఆఫీసు మూసేలోపల డ్రైవింగ్ పరీక్ష పాసైన చీటీ చూపించాలి. లేకపోతే ఉద్యోగం వరసలో తర్వాతి వాడికి పోతుంది. ఊరందరికీ బండి నేర్పిన మేష్టారి కూతురు ఆ పరీక్ష అప్పటికి మూడుసార్లు తప్పింది.

తప్పింది అంటే, స్టీరింగు తిప్పడం బాగానే తిప్పుతుంది. గేర్లు వెన్నలా మారుస్తుంది. బండి ఆపాల్సిన చోటుకొచ్చేసరికి హాయిగా ముందుకి పోతుంది. మొదటిసారి తోపుడుబండి మీదికి, రెండోసారి గేటు మీదికి, మూడోసారి కుక్క మీదికి పోయింది. ప్రతిసారీ పక్కన కూర్చున్న పరీక్ష అధికారి తనే బ్రేకు తొక్కి గండం తప్పించాడు.

"మేష్టారూ, అన్నీ బావున్నాయి గానీ, బండి దానంతట అదే ఆగుతుందని మీ అమ్మాయి నమ్మకం," అన్నాడాయన మూడోసారి, చొక్కా మీద ఒలికిన టీ దులుపుకుంటూ.

"ఆయనకి తొందరెక్కువ," అన్నాడు మేష్టారు ఇంటికొచ్చి. "పిల్ల తొక్కేలోపే తనే తొక్కేస్తాడు. అలా అయితే ఎవరు నేర్చుకుంటారు?"

పట్టాల సభ బాగా జరిగింది. ముఖ్య అతిథి చాలాసేపు మాట్లాడాడు. సభ అయ్యాక చెట్టుకొకరూ మెట్టుకొకరూ నిలబడి తండ్రులు పిల్లల భుజాల మీద చెయ్యేసి ఏదో చెబుతున్నారు. భార్య మోచేత్తో పొడిచింది. "బండిలో చెప్తాను," అన్నాడు. "సరే, నేను బస్సులో పోతాను. మీ తండ్రీకూతుళ్ళు ఆగినప్పుడల్లా నా నడుం పట్టేస్తోంది," అని ఆమె గౌను మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

అమ్మాయి స్కూలు బండి తీసింది. పరీక్షకి ఇంకా గంట టైముంది. కాలేజీ గేటు దాటాక మేష్టారు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ చెప్పమంది."

"చెప్పు నాన్నా."

"బతుకులో నీ నిర్ణయం నువ్వే తీసుకోవాలి. ఇంకొకళ్ళు తీసుకునేదాకా చూస్తూ కూచోకూడదు."

అంటుండగానే ముందు, చాలా ముందు, ఒక బస్సుకి వెనక ఎర్రలైటు వెలిగింది. ఆయన పాదం కిందికి దిగింది. బండి వేగం తగ్గింది.

"బావుంది. ఇంకా?"

ఆయనకే ఆశ్చర్యం వేసింది. మాట వచ్చింది! ఒకటి వచ్చాక రెండోది దాని వెనకే వచ్చింది. కొన్ని పొద్దున ముఖ్య అతిథి నోట్లోంచి రాలినవి, కొన్ని క్షవరం షాపు గోడ మీద చదివినవి. ఎవరివైతేనేం, తన నోట బాగానే వినిపిస్తున్నాయి.

"భయపడకూడదు," అన్నాడు. "భయపడ్డవాడు గడప దాటడు." రోడ్డు పక్క పావురం ఒకటి రెక్కలు విదిలించింది. పాదం దిగింది. "తప్పులు చెయ్యాలి. తప్పు చెయ్యనిదే మనిషికి పని రాదు." ఒక ముసలాయన అరుగు మీదినుంచి రోడ్డు వంక చూశాడు, అంతే, చూశాడు. పాదం మళ్ళీ దిగింది. "మనసు చెప్పిన దారిన పోవాలి. ఆపేవాళ్ళు లక్షమంది ఉంటారు."

అమ్మాయి ఊ కొట్టడం మానేసింది. ఒకసారి తన కాళ్ళ వంకా, ఒకసారి ఆయన కాళ్ళ వంకా చూసింది.

"రోడ్డు చూడు," అన్నాడు ఆయన. "అన్నిటికంటే ముఖ్యమైంది చెప్తున్నాను. ఎవరి మీదా ఆధారపడకు. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు."

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఎర్రదీపం. బండి తెల్లగీత ముందు పువ్వు పెట్టినట్టు ఆగింది. మేష్టారి కడుపు నిండింది.

"చూశావా, ఎంత చక్కగా ఆపావో! ఇలా ఆపితే ఆ మహానుభావుడికి వంక పెట్టడానికి ఏముంటుంది?"

"నాన్నా, నా కాళ్ళు చూడు."

చూశాడు. అమ్మాయి కాళ్ళు రెండూ వెనక్కి తీసి, సీటు కిందికి ముడుచుకుని కూర్చుంది. తర్వాత ఆయన తన కాళ్ళు చూసుకున్నాడు. కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్చు మీద. రెండూ కొత్త అల్లుళ్ళలా దర్జాగా ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏమో."

"ఈ బండిని నేను ఎప్పుడైనా ఆపానా అసలు?"

ఆయన ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ ఒక్క రోజు కూడా గుర్తుకు రాలేదు. పచ్చదీపం వచ్చింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"నడుపు, నడుపు!"

"ఎవరు? నువ్వా నేనా?"

కూడలి దాటి ఒక తాళాల కొట్టు ముందు బండి పక్కకి తీసింది. అక్కడ బండిని ఎవరు ఆపారో ఇద్దరికీ తెలుసు. అమ్మాయి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ మాట్లాడింది.

"మూడుసార్లు ఆయన్ని తిట్టావు. నేనూ తిట్టాను. నాకేదో తిక్క ఉందనుకున్నాను నాన్నా. కుక్క ఎదురొస్తుంటే కాలు ఎందుకు కదలదని ఏడ్చాను కూడా. సాయంత్రం లోపల చీటీ చూపించకపోతే నా చదువు ఎత్తి అటక మీద పెట్టుకోవాలి."

"మరి లారీ వస్తుంటే చూస్తూ కూచోమంటావా?"

"కూచో."

"గుద్దితే?"

"నాకూ కళ్ళున్నాయిగా."

"బండికి గీత పడితే?"

"పడనీ."

ఆ బండిలో ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు లేరు.

"ఇందాక చెప్పావుగా, నిర్ణయం నన్నే తీసుకోమని. తీసుకున్నాను. కాళ్ళు పైకి పెట్టు."

"పైకి ఎక్కడికి?"

"సీటు మీదికి. బాసింపట్టు వేసుకో."

ఆయన మంచి ప్యాంటు వేసుకున్నాడు. బూట్లకి పాలిష్ పెట్టుకున్నాడు. ఆ బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని, పైనుంచి బెల్టు బిగించుకుని కూర్చున్నాడు. తాళాల కొట్టువాడు చేతిలో పని ఆపి చూశాడు.

బండి కదిలింది. మొదటి మలుపు దగ్గర అమ్మాయి మొదటిసారి బ్రేకు తొక్కింది. మేష్టారు ముందుకి వంగి లేచాడు, బూటు ఒకటి ఎగిరి అద్దానికి తగిలింది. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తీసింది. రెండో చోట ముందే ఆపింది, రోడ్డు మీద ఏమీ లేని చోట. మూడో చోట ఆలస్యంగా ఆపింది, కూరగాయల తట్ట మోస్తున్నావిడ పక్కకి గెంతి, వాళ్ళ వంశం మొత్తాన్ని వరసపెట్టి తలుచుకుంది. మేష్టారు రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. వదిలేస్తే కాళ్ళు దిగిపోతాయి.

"మంచి మాటలు ఆగిపోయాయేం నాన్నా?"

"కాళ్ళతో పాటు పైకి పోయాయి."

అమ్మాయి నవ్వింది. పాత శిష్యుడొకడు స్కూటరు మీద పక్కనే వచ్చి నమస్కారం పెట్టాడు. మేష్టారు బాసింపట్టు వేసుకునే, బూటు ఉన్న చెయ్యెత్తి దీవించాడు. వాడు చాలాదూరం వెనక్కి చూస్తూనే పోయాడు.

మార్కెట్టు వెనక సందులో కుక్క అడ్డం వచ్చింది. మేష్టారు కళ్ళు మూసుకున్నాడు. బండి కీచుమని ఆగింది. కళ్ళు తెరిచేసరికి కుక్క నిదానంగా వాళ్ళ వంక చూసి, రోడ్డు దాటి, అవతలి గోడ నీడలో పడుకుంది. అమ్మాయి ముఖం వెలిగిపోతోంది.

"కదిలింది నాన్నా, కాలు కదిలింది!"

"మెల్లగా," అన్నాడు. నోటితోనే అన్నాడు.

పరీక్ష జరిగే చోట గేటు ఇరుకు. లోపలికి తిప్పుతుంటే స్తంభం బండి పక్కని ఒరుసుకుంది. మేష్టారు బూట్లు వేసుకుని దిగి చూశాడు. వెనక తలుపు పొడవునా తెల్లటి గీత. బొటనవేలితో రుద్దాడు. పోలేదు. ఇంకాస్త రుద్దాడు.

పరీక్ష అధికారి ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి మరీ వచ్చాడు. "మళ్ళీ నువ్వేనా తల్లీ?" అని పక్క సీట్లో కూర్చుని, రెండు పాదాలూ బ్రేకు మీదా క్లచ్చు మీదా సిద్ధంగా పెట్టుకున్నాడు. మేష్టారు కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, తమరు కొంచెం కాళ్ళు..."

"కాళ్ళకేమైంది?"

మేష్టారు కూతురి వంక చూశాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఏం లేదు సార్," అని వెనక్కి తగ్గాడు.

బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. గోడవారన బెంచీ మీద పిల్లల కోసం వచ్చిన తల్లులూ తండ్రులూ కూర్చుని ఉన్నారు. ఆయనా చివర కూర్చున్నాడు. ఇంతమందికి నేర్పాడు గానీ, ఏ బండి కోసమూ ఆయన ఇలా బయట కూర్చుని చెవులు రిక్కించింది లేదు. ఎక్కడో కీచుమని వినిపించింది. తర్వాత ఇంకోసారి. ఆ చప్పుడు ఎవరి కాలిదో ఇక్కణ్ణుంచి చెప్పడం ఎలా? గుద్దిన చప్పుడు మాత్రం రాలేదు. నడినెత్తిన ఎండ పడుతున్నా నీడలోకి జరగలేదు.

బండి వచ్చింది. బెంచీ ముందుకొచ్చి గోడకి కొట్టుకున్నట్టు ఆగింది. అధికారి మెడ పట్టుకుని దిగాడు.

"మేష్టారూ, ఈసారి నా కాలికి పనే లేదు. పనంతా మెడకే. మొరటుగా తొక్కుతోంది గానీ, తొక్కాల్సిన చోటే తొక్కుతోంది. తీసుకోండి," అని చీటీ మీద సంతకం పెట్టి అమ్మాయికి ఇచ్చాడు.

మేష్టారి కళ్ళు చెమర్చాయి. ఎండ అనుకున్నాడు. బండి చుట్టూ తిరిగి పక్క సీటు తలుపు తీయబోయాడు. అమ్మాయి తలుపు మీద చెయ్యి పెట్టింది.

"నాన్నా, ఆఫీసుకి నేనొక్కదాన్నే పోతాను. కోపం తెచ్చుకోకు. పక్కన నువ్వుంటే నా కాలు మళ్ళీ వెనక్కి పోతుంది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అమ్మాయి బండి కప్పు మీది స్కూలు బోర్డు ఊడదీసి ఆయన చేతుల్లో పెట్టింది. ఎక్కి కూర్చుని, అద్దం సరిచేసుకుని, కిటికీలోంచి తల బయటకి పెట్టింది.

"ఇంకేమైనా చెప్తావా?"

చెప్పాలని చాలా ఉంది. పొద్దుట్నుంచి ఏరుకున్నవి ఇంకా సగం మిగిలే ఉన్నాయి. నోరు తెరిచాడు.

"తలుపు సరిగ్గా పడలేదు."

నిజంగానే పడలేదు. అమ్మాయి తీసి మళ్ళీ వేసింది. బండి కదిలింది. గేటు దగ్గర సైకిలు మీద ఎవరో అడ్డం వచ్చారు. బండి ముక్కు నేలకి కొట్టుకున్నంత పనై ఆగింది, సైకిలుని పోనిచ్చింది, ఎగిరి దూకినట్టు బయటపడి రోడ్డెక్కింది.

బెంచీ మీదివాళ్ళు పగలబడి నవ్వారు.

"అబ్బ, ఏం బ్రేకండీ అది! ఆ పిల్లకి నేర్పిన ఘనుడెవడో గానీ, దండేసి దణ్ణం పెట్టాలి," అన్నాడు ఒకాయన, మేష్టారి వైపు తిరిగి. "మీకు తెలుసా ఎవరో?"

మేష్టారు బోర్డు మీది అక్షరాలు లోపలి వైపుకి తిప్పి గుండెకి ఆనించి పట్టుకున్నాడు.

"ఎవరూ నేర్పలేదండీ," అన్నాడు. "తనే నేర్చుకుంది."